ఉత్తమ నేలకు ఘన సన్మానం

ఈ ఏడాది ‘ఉత్తమ నేల’ పురస్కారం ఊరి చివరి రైతు పొలానికి దక్కింది. పంటకు కాదు, రైతుకు కాదు, అచ్చంగా నేలకే. నేల సంరక్షణ శాఖవారు ఏం చేసినా లోతుగా ఆలోచించి చేస్తారు.

పొలంలోనే సన్మాన సభ పెడతామని కబురు వచ్చేసరికి రైతు ఇంట్లో విత్తనాలు సిద్ధంగా ఉన్నాయి. ఎండుటాకులూ పేడా మోసి మోసి ఆయన ఆ మట్టిని కన్నబిడ్డలా సాకాడు. ఇన్నేళ్ళలో ఒక్కరూ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు సంబరంతో ఆయన కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

“విత్తనాలు వేసుకున్నాక రమ్మనరాదూ? ఈ పంట పోతే మనం తినేదేంటి?” అంది భార్య.

“పెద్దవాళ్ళు వస్తామంటే వద్దంటామా? బాగుండదే,” అన్నాడు రైతు. మొహమాటం ఆయనకు పుట్టుకతో వచ్చింది.

సభ దివ్యంగా జరిగింది. మెత్తటి మట్టిలో అధికారుల బూట్లు దిగబడతాయని ముందురోజే రోడ్డు రోలరు తెచ్చి పొలమంతా గట్టిపరిచారు. వేదిక కదలకుండా నడిమధ్య సిమెంటు పోశారు. అటవీ శాఖ మాత్రం వెనకబడుతుందా? గట్టు మీది చెట్లన్నీ కొట్టించి, ‘చెట్లను కాపాడండి’ అని చెక్కిన జ్ఞాపికలు అందరికీ పంచింది.

శాఖాధిపతి గద్గద స్వరంతో ప్రసంగించారు. “ఈ మట్టి మనందరి తల్లి! కన్నతల్లిని ఇలా ఎండలో వదిలేసి వెళ్ళడానికి మనకు మనసెలా వస్తుంది? తలో గుప్పెడు ఇంటికి తీసుకెళ్దాం!”

చప్పట్లు మారుమోగాయి. గుప్పెడు అందరికీ ఒకేలా ఉండదు కదా. కొందరిది సంచెడు, శాఖాధిపతిది లారీడు. రైతు నోరు తెరవబోయాడు. శాఖాధిపతి ఆయన భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు.

“మీకేమైనా ఇబ్బందా?”

“అబ్బే, ఎంతమాట సార్! ఇంకో పార తెప్పించమంటారా?”

ఆ రాత్రి భార్య విత్తనాల్లో సగం తీసి తిండికి దాచింది.

తర్వాత వేసిన విత్తనాల్లో ఒక్కటీ మొలవలేదు. పురస్కారం పొందిన నేలను ఇంత అధ్వాన్నంగా ఉంచినందుకు సంజాయిషీ చెప్పుకోమని శాఖ పిలిచింది. రైతు వెళ్ళాడు. ఆఫీసులో ప్రతి కిటికీలోనూ ఓ కుండీ, ప్రతి కుండీలోనూ ఆయన మట్టి. మొక్కలు ఏపుగా ఉన్నాయి.

“చూశారా? మట్టిని ఎలా చూసుకోవాలో మమ్మల్ని చూసి నేర్చుకోండి,” అన్నారు శాఖాధిపతి.

రైతు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆనందబాష్పాలని శాఖవారు నమోదు చేసుకున్నారు.

పాఠకులు దీనికి బాధపడాల్సిన పనేమీ లేదు. సభకు మీరూ వచ్చారు, చప్పట్లూ కొట్టారు. మీ బాల్కనీలో గులాబీ ఈమధ్య విరగబూస్తోందట కదా! రైతు తిరిగి అడుగుతాడని భయపడకండి. ఆయనకు మొహమాటం ఎక్కువ, మనకా బెడద లేదు.