జతకోసం పిలిచిన ముంగిస

ఒక పెద్ద అడవిలో పేరిందేవి అనే ముంగిస ఉండేది. వయసు ఆరేళ్ళు. చదరంగం బల్ల ఎదుట ముందుకాళ్ళు రెండూ ఒంటికింద మడుచుకుని కూర్చునేది, తొందరపడి పావును ముట్టుకోకుండా.

ఆడజంతువుల పోటీలో ఏటా ఆమే గెలిచేది. ఏటా ఒక మూకుడు బహుమతి ఇచ్చేవాళ్ళు. పేరిందేవికి కావలసింది మూకుడు కాదు, నాలుగడవుల పోటీలో ఆడే అవకాశం. అది మగవాళ్ళ జాతీయ పోటీలో గెలిచినవాళ్ళకే.

"మీకు వేరే పోటీ పెట్టాం కదమ్మా! ఎంత గౌరవం!" అనేవాడు చదరంగ సంఘం అధ్యక్షుడు అడవిదున్న. బల్ల మీద గుర్రం ఎటు నడుస్తుందో ఆయనకు తెలీదు. పదవికి అదేమీ అడ్డం కాలేదు.

ఆ ఏడాది జాతీయ పోటీకి ఐదుగురు మహామహులు తేలారు. నెమలి, ఎలుగుబంటి, తోడేలు, దుప్పి, కొండముచ్చు. ఐదుగురైతే ప్రతి రౌండులోనూ ఒకరు జతలేక ఊరికే కూర్చోవాలి.

"మనవాళ్ళు ఊరికే కూర్చోడమా? నామోషీ!" అన్నాడు దున్న. "ఆ ముంగిసను పిలవండి. జత కుదురుతుంది."

ఆమె వచ్చేలోపే ఒప్పందం కూడా కుదిరింది. ఐదుగురూ తమలో తాము డ్రా చేసుకుంటారు, ముంగిసను మాత్రం ఓడిస్తారు. అందరికీ సమానంగా పాయింట్లొస్తే ఎవరిని పంపాలో అధ్యక్షుడి ఇష్టం. ఆయన ఇష్టం నెమలి. రోజూ దున్నగారి గుమ్మం ముందు పురివిప్పేది అతనే మరి. తక్కిన నలుగురూ శిక్షకులుగా వెంట వెళ్తారు.

పోటీ మొదలైంది. నెమలీ ఎలుగూ నాలుగెత్తులు వేసి, చేతులు కలిపి, ఫలహారానికి లేచారు.

"ఏం పోరాటం!" అన్నాడు దున్న.

కొండముచ్చు పేరిందేవి ఎదుట చతికిలబడ్డాడు. "వంటయిందా చెల్లెమ్మా? తొందరగా పంపించేస్తాలే."

"పొయ్యిమీద పెట్టే వచ్చాను అన్నయ్యా. మాడకముందే వెళ్తాను."

మాడలేదు. ఆ తర్వాత తోడేలు, దుప్పి, ఎలుగు వరసగా తలలు దించుకుని లేచారు.

చివరికి నెమలి మిగిలాడు. పింఛం ముడిచి గొణిగాడు. "డ్రా చేసుకుందాం తల్లీ. పెద్దవాణ్ణి, అడుగుతున్నాను."

పేరిందేవి బంటును ఒక గడి ముందుకు జరిపింది. "ఆట కట్టు, బాబాయ్."

దున్న రంకె వేశాడు. "ఆమెను పిలిచింది జతకోసం! ఆమె ఆటలు చెల్లవు!"

న్యాయనిర్ణేత గుడ్లగూబ గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, ఒక్క ఆటైనా గెలవనివాళ్ళను నాలుగడవుల పోటీకి రానివ్వరు. ఆమె ఆటలు కొట్టేస్తే ఇక్కడ ఎవరూ ఏదీ గెలవలేదు. ఆమెనైనా పంపాలి, మన స్థానాన్నైనా వదులుకోవాలి."

ఐదుగురూ ఆలోచించారు. ఆ పోటీ మొత్తంలో వాళ్ళు ఆలోచించింది అప్పుడే.

"వదులుకుందాం" అన్నారు ఒక్క గొంతుతో.

"అడవి పరువు కాపాడారు!" అంటూ దున్న ఐదుగురికీ దండలు వెయ్యబోయాడు. "పేరిందేవమ్మా, ఇలా వచ్చి దండల పళ్ళెం పట్టుకో."

"మీరే పట్టుకోండి" అని ఆమె వెళ్ళిపోయింది.

మరుసటేడు పేరిందేవి పొరుగు అడవి తరఫున ఆడి నాలుగడవుల పోటీ గెలిచింది.

నీతి: ఆడదాని చేతిలో ఓడిపోకూడదంటే, బాగా ఆడటం కన్నా అసలు ఆడకపోవడమే క్షేమం.