గంజాయి విషయమై

ఆ మంగళవారానికి డ్రైవరుగారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు ఇంట్లోంచి బయలుదేరాలి. పదకొండుకు కమిటీ ముందు మూడు నిమిషాలు మాట్లాడాలి. ఒంటిగంటకల్లా భోజనానికి తిరిగి వచ్చేయాలి. ఈ సంగతి భార్యకు తప్ప మూడో మనిషికి తెలియకూడదు.

ఇరవై ఎనిమిదేళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి ఆయన. తొమ్మిదేళ్ల కిందట సిగ్నలు దగ్గర ఆగి ఉన్న ఆయన బస్సును వెనకనుంచి లారీ గుద్దింది. బస్సు వారంలో బాగైంది. ఆయన నడుము ఇంకా బాగవలేదు. అక్కడ మొదలైన నొప్పి ఎడమ కాలి మడమ దాకా కరెంటు పెట్టినట్టు దిగుతుంది. ఆయన మింగని మాత్ర లేదు, చూపించుకోని డాక్టరు లేడు. చివరికి నొప్పుల ఆసుపత్రిలో డాక్టరు ఒకాయన, "గంజాయి నుంచి తీసే మందు ఒకటుంది. మీలాంటి వాళ్లలో కొంతమందికి పనిచేస్తోంది. కానీ ఇక్కడ చట్టం ఒప్పుకోదు. ఒప్పుకోవాలా వద్దా అని ఇప్పుడు కమిటీ వేశారు. మీరెళ్లి మీ బాధ చెప్పండి," అని డ్రైవరుగారి పేరు కమిటీకి పంపించాడు.

బాధ చెప్పడమే ఆయనకు చేతకాని పని. ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే ముందు బాగున్నానంటారు, తరవాత గోడ పట్టుకుంటారు. దానికి తోడు పై అంతస్తులో డ్రిల్లు మాస్టారు ఉన్నారు. రిటైరై ఆరేళ్లయినా మెడలో విజిల్ తీయని మనిషి. కమిటీ సంగతి పేపర్లో పడ్డ రోజే, గంజాయిని ఏ రూపంలోనూ అనుమతించరాదంటూ అర్జీ రాసి, తలుపు తలుపూ కొట్టి సంతకాలు పెట్టించారు. అందులో నాలుగో సంతకం డ్రైవరుగారిది. గుమ్మంలో నిలబడి మాస్టారు పెన్ను చాపితే ఆయనకు కాదనడానికి నోరు రాలేదు.

"అక్కడ సరిగ్గా మాట్లాడగలిగితే అప్పుడు అందరికీ చెబుదాం. లేకపోతే ఈ సంగతి మన మధ్యే ఉండిపోనీ," అన్నారు భార్యతో. ఆవిడ సరేనని ఒట్టేసింది.

ఎనిమిదిన్నరకు చొక్కా తొడుక్కుంటుంటే ఛాతీ మీది గుండీ ఊడి చేతిలోకి వచ్చింది. కింద మెట్లకి ఎదురుగా టైలరమ్మ కొట్టుంది. భార్య చొక్కా పట్టుకెళ్లి, "కాస్త తొందరగా కావాలి. ఆయన బయటికి వెళ్లాలి," అంది.

"ఎక్కడికి?"

"ఊరికే."

తొమ్మిదేళ్లుగా పార్కుకు తప్ప ఊరికే గడప దాటని మనిషి ఇవాళ ఇస్త్రీ చొక్కాలో ఊరికే వెళుతున్నాడంటే టైలరమ్మకు నమ్మబుద్ధి కాలేదు. కుట్టబోతే జేబులో ఏదో కాగితం సూదికి అడ్డం వచ్చింది. మరిచిపోకుండా ఉంటుందని డ్రైవరుగారు ముందురోజే నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్న కమిటీ ఉత్తరం అది. చదవాలని ఆవిడ అనుకోలేదు. కాని పై మడతలో పెద్ద అక్షరాలతో ఉన్నదాన్ని చూడకుండా ఉండాలంటే కళ్లు మూసుకుని కుట్టాలి.

"...గంజాయి విషయమై తమరు మంగళవారం ఉదయం 11 గంటలకు కోర్టు వెనుక భవనము, 14వ నంబరు గదిలో స్వయముగా హాజరు కావలెను. తమ వద్దనున్న ఆధారములన్నియు వెంట తీసుకొని రావలెను."

ఆధారాలంటే ఎక్స్‌రేలు, డాక్టరు చీటీలు. ఆ ముక్క లోపలి మడతలో ఉండిపోయింది.

టైలరమ్మ గుండీని రెండుసార్లు తప్పు చోట కుట్టి, మూడోసారికి సరిగ్గా కుట్టి పంపించింది. డ్రైవరుగారు వెళ్లిన కాసేపటికి డ్రిల్లు మాస్టారు తన ప్యాంటు కోసం వచ్చారు. ఎవరితోనూ అననని మాట తీసుకుని మరీ ఆవిడ అంతా చెప్పింది.

మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. "నా అర్జీలో సంతకం పెట్టిన మనిషమ్మా."

"అనుమానం రాకుండా ఉండటానికి పెట్టి ఉంటారు."

"కాదు. ఆయన చీమకి కూడా దారిచ్చే రకం. ఎవరో ఇరికించారు. ఆయన నడవడిక గురించి నేను కాగితం రాసిస్తాను. ముందు వాళ్లావిడ తమ్ముడికి కబురు పెట్టాలి."

తమ్ముడు, అంటే డ్రైవరుగారి బావమరిది, రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా. ముద్ర పడని కాగితం చేత్తో ముట్టుకోడు. ఫోనులో ఆ మాట వినగానే సెలవు చీటీ పడేసి ఇరవై నిమిషాల్లో అక్క గుమ్మంలో వాలాడు.

"అక్కా, బావ సంగతి తెలిసిపోయింది. ఇంక దాచకు."

అక్క గుండెల మీద బరువు దిగినట్టు నిట్టూర్చింది. "తెలిసిందా. ఆయనే చెప్పొద్దన్నారురా."

"ఎప్పట్నుంచి?"

"తొమ్మిదేళ్లయింది. మొదట్లో ఎప్పుడో ఒకసారి. ఇప్పుడు రోజూ."

"రోజూనా? నీ ముందేనా?"

"నా ముందు కాకపోతే ఇంకెవరి ముందురా? పొద్దున్న కాస్త ఎక్కువ. సాయంత్రానికి మరీను. ఒక్కోసారి పళ్లు బిగబట్టి గంటసేపు అలాగే ఉండిపోతారు."

"నువ్వేమీ అనలేదా?"

"నేనేం చేయను? వేడినీళ్లు పెట్టిస్తాను."

ఈ వ్యవహారంలో వేడినీళ్లెందుకో బావమరిదికి తెలియలేదు, అడిగే ధైర్యమూ లేకపోయింది. అక్క బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్లగానే అతను పనిలోకి దిగాడు. పోలీసులు వచ్చేలోగా ఇల్లు శుభ్రం చేయాలి. వంటింటి అలమరలో పెద్ద సీసా నిండా ఎండిన ఆకు కనిపించింది. అది టీలో వేసుకోవడానికి అక్క ఎండబెట్టుకున్న పుదీనా. అతను వాసన చూడలేదు. వాసన చూస్తే తనకూ మత్తెక్కుతుందేమోనని ముక్కు మూసుకుని సీసా మొత్తం లెట్రిన్‌లో బోర్లించి, బకెట్టుడు నీళ్లు కుమ్మరించాడు. ఆకు కిందికి పోలేదు. రెండో బకెట్టుకు నీళ్లు పైకి లేచాయి. మూడో బకెట్టు పోయకుండా ఉండాల్సింది.

నీళ్లు గడప దాటి హాల్లోకి వస్తుండగా బాల్కనీలో కుండీ కనిపించింది. అందులో జానెడు మొక్క, వేళ్లలా చీలిన ఆకులు. మొక్కను వేళ్లతో సహా పీకి, చేతిసంచిలో కుక్కి, దారిలో పారేద్దామని మెట్లు దిగాడు. అప్పటికే టైలరమ్మ తల తుడుచుకుంటూ ఎదురొచ్చింది. పైకప్పు నుంచి కారిన నీళ్లు సరిగ్గా ఆవిడ మిషను మీద పడుతున్నాయి.

"పైన ఏమీ లేదండి. అంతా కడిగేశాను," అన్నాడు బావమరిది.

ఆవిడ అతని సంచి వంక చూసి ఇంకేమీ అడగలేదు. కొట్టెలాగూ తడిసింది, తనూ వస్తానంది. మాస్టారు రెండు పేజీల కాగితంతో సిద్ధంగా ఉన్నారు. ముగ్గురూ ఒక ఆటోలో ఎక్కారు. దారి పొడుగునా సంచి పారేయడానికి చోటు దొరకలేదు. చెత్తకుండీ ఉన్నచోటల్లా మనుషులున్నారు. మనుషులు లేనిచోట పోలీసున్నాడు.

ఈలోగా పద్నాలుగో నంబరు గదిలో డ్రైవరుగారి మూడు నిమిషాలు మొదలయ్యాయి. బల్ల వెనక ముగ్గురు కూర్చుని ఉన్నారు: అధ్యక్షురాలిగా, జడ్జిగా చేసి రిటైరైన పెద్దావిడ; పక్కన ఒక డాక్టరు, ఆ పక్కన కార్యదర్శి.

"కూర్చోండి," అన్నారు అధ్యక్షురాలు.

"పర్లేదండి." కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. ఆ మాట ఆయన చెప్పలేదు.

"మీ నొప్పి ఎలా ఉంటుందో చెప్పండి."

నెలరోజులుగా అద్దం ముందు నిలబడి అనుకున్న మాటలన్నీ ఆయన బుర్రలోంచి ఎగిరిపోయాయి. "ఉంటుందండి. కొంచెం."

"కొంచెమా?"

"నొప్పులు ఎవరికి లేవండి."

అధ్యక్షురాలు ముందున్న కాగితం మీద 'కొంచెం' అని రాసుకున్నారు. కార్యదర్శి ఒక ఫైలు తిరగేసి, "ఈ మందు అనుమతించరాదని వచ్చిన అర్జీలో నాలుగో సంతకం మీదేనా?" అని అడిగాడు.

డ్రైవరుగారు తన సంతకాన్ని చూసి తలదించుకున్నారు. "నాదేనండి. మాస్టారు అడిగారు. కాదంటే బాగుండదని."

ఇంకో నిమిషం మిగిలి ఉంది. కార్యదర్శి గడియారం చూసుకుంటుండగా తలుపు తెరుచుకుంది. గార్డు ముందు, బావమరిది వెనక, వాళ్ల వెనక టైలరమ్మ, మాస్టారు.

"అమ్మా, సంచిలో ఏముందని అడిగానంతే," అన్నాడు గార్డు. "ఆకుకూర అనుకున్నాను. ఈయనే మొత్తం ఒప్పేసుకున్నాడు."

బావమరిది సంచిని బల్ల మీద పెట్టాడు. మట్టి ఫైలు మీదికి రాలింది. అతని చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. "ఈ మొక్క నాదండి. మా బావకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కుండీలో నేనే పెట్టాను. నేనే నీళ్లు పోశాను. నన్ను ఏం చేసినా పర్లేదు, ఆయన్ని వదిలెయ్యండి. ఆ నడుంతో ఆయన జైల్లో చాప మీద పడుకోలేడు."

ఈ బావమరిదితో డ్రైవరుగారికి తొమ్మిదేళ్లుగా పొడి పొడి మాటలే.

డాక్టరు ఒక ఆకు తుంచి నలిపి వాసన చూశాడు. "ఇది బంతి మొక్కండి. ఇంకో రెండు వారాల్లో పూసేది."

అధ్యక్షురాలు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "ఈయన్ని ఎవరూ పట్టుకోలేదు, నొప్పికి గంజాయి మందు ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి పిలిచాం, ఈయనేమో నొప్పి కొంచెమేనంటున్నారు. అసలు మీరంతా ఎందుకొచ్చారు?"

"ఆయన అలాంటి మనిషి కాదని చెప్పడానికండి," అంది టైలరమ్మ. "కానీ నొప్పి కొంచెం మాత్రం కాదండి. మా కొట్టు మెట్లకి ఎదురుగా ఉంటుంది. దిగేటప్పుడు నాలుగో మెట్టు మీద ఆగి కరెంటు మీటరు చూస్తారు. ఎక్కేటప్పుడూ చూస్తారు. ఎందుకు ఆగుతున్నారో నాకు తెలీదనుకుంటారు. అది ఆయన మీటరు కూడా కాదండి, నాది."

మాస్టారు తన కాగితం విప్పారు గాని చదవలేదు. "పార్కులో అందరూ బెంచీ మీద కూర్చుంటే ఈయన గంటసేపు నిలబడే పేపరు చదువుతాడు. వయసులో ఉన్నవాళ్లకి ఈయన్నే చూపించేవాణ్ణి, క్రమశిక్షణ అంటే అదని. నిన్నటిదాకా అలాగే అనుకున్నాను. ఇక్కడా కుర్చీ పక్కనే నిలబడ్డాడు చూడండి, ఇప్పుడు తెలిసింది, కూర్చోలేక అని."

"మా ఇంటికొస్తే కుర్చీ వెయ్యొద్దంటాడండి," అన్నాడు బావమరిది. "గుమాస్తా ఇంట్లో కూర్చోవడం నామోషీ అనుకున్నాను. తొమ్మిదేళ్లుగా అలిగాను. ఇవాళ అక్క చెప్పిందాంట్లో సగం నొప్పి గురించేనని ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది."

"సగం కాదురా, మొత్తం," అన్నారు డ్రైవరుగారు మెల్లిగా.

అధ్యక్షురాలు మాస్టారి వైపు తిరిగారు. "అర్జీ మీదే కదా. డాక్టరు రాసిచ్చినా ఈయనకి ఆ మందు వద్దంటారా?"

"ఈయన కోసం రాసింది కాదండి. మా వీధి చివర పొగ తాగే కుర్రకారు కోసం రాశాను."

"వాళ్లు డాక్టరు చీటీ తెచ్చుకుని తాగుతున్నారా?"

మాస్టారు మెడలో విజిల్‌ను చొక్కా లోపలికి దోపుకున్నారు. తరవాత, "ఇంకో తెల్లకాగితం ఇప్పించండి. తిరగరాయాలి," అన్నారు.

అప్పుడు డ్రైవరుగారు గొంతు సవరించుకున్నారు. ఆయన మూడు నిమిషాలు ఎప్పుడో అయిపోయినా ఎవరూ ఆపలేదు. "అమ్మా, రాత్రి పక్క మీద అటు నుంచి ఇటు తిరగాలంటే మా ఆవిణ్ణి లేపాలి. ఆవిడ తెల్లారేదాకా నిద్రపోయి తొమ్మిదేళ్లయింది. నాకు పూర్తిగా తగ్గక్కర్లేదు. ఆవిడ నిద్రపోయేంత తగ్గితే చాలు."

అధ్యక్షురాలు 'కొంచెం' అన్న మాటను కొట్టేసి, పక్కన చాలాసేపు ఏదో రాశారు.

మూడింటికి నలుగురూ ఇల్లు చేరేసరికి డ్రైవరుగారి భార్య ఒక చేతిలో ఖాళీ సీసా, ఇంకో చేతిలో తడిగుడ్డతో గుమ్మంలో నిలబడి ఉంది. లోపల ప్లంబరు మోకాళ్ల మీద ఉన్నాడు.

"నా పుదీనా ఏదిరా? కుండీలో నా మొక్కేది?"

"పుదీనా సంగతి ఆయన్నడుగు," అని తమ్ముడు ప్లంబరును చూపించాడు. "మొక్క మాత్రం ప్రభుత్వం దగ్గరుందక్కా."

ఎనిమిది నెలలకు చట్టం మారింది. దీర్ఘకాలపు నొప్పులకు పెద్దాసుపత్రి డాక్టరు రాసిస్తే గంజాయి మందు నాలుక కింద చుక్కల రూపంలో ఇవ్వవచ్చన్నారు. డ్రైవరుగారికి నొప్పి మాయమైపోలేదు, సగానికి తగ్గింది. ఆయన భార్య మొదటి వారం పొద్దున్న ఎనిమిదింటిదాకా లేవలేదు. నీళ్లకు పాడైన టైలరమ్మ మిషనుకు బావమరిది కొత్త మోటారు పెట్టించాడు. మాస్టారు వీధి చివర కుర్రకారు వెంట ఇప్పటికీ విజిల్ వేసుకుంటూ పడుతూనే ఉన్నారు, దాన్నెవరూ కాదనలేదు.

ఆ మంగళవారం జరిగింది కమిటీ మనసులో గట్టిగా నాటుకున్నట్టుంది. దరఖాస్తులో కొత్తగా ఒక నిబంధన చేర్చారు: రోగి తన నొప్పి గురించి చెప్పుకున్నది చాలదు, ఇరుగుపొరుగు వారిలో ఇద్దరు ధ్రువీకరించాలి. అది అమల్లోకి వచ్చినప్పటి నుంచీ నడుం నొప్పి ఉన్నవాళ్లెవరూ పక్కింటివాళ్లతో గొడవ పెట్టుకోవడం లేదు.