పింఛన్ల మండలిలో తొమ్మిదో ఓటు

"పింఛన్ల విధానాన్ని పర్యవేక్షించడానికి, ఎటూ ఒరగని సలహా మండలిని నియమిస్తున్నాం!" అని మంత్రిగారు ప్రకటించగానే హాలు దద్దరిల్లింది. నేను ఆయన ఆఫీసులో టైపిస్టుని. చప్పట్లు కూడా డ్యూటీలో భాగమే గనక మనస్ఫూర్తిగా కొట్టాను.

ఆయన నిష్పక్షపాతం చూసి నాకు కళ్లు చెమర్చాయి. బావమరిదిని వేశారు. అత్తవారి వైపే మొగ్గితే తప్పని సొంత తమ్ముణ్ణీ వేశారు. పెద్దల్లుణ్ణి వేశాక, చిన్నల్లుడు అలగకుండా అతన్నీ వేశారు. ప్రతిపక్షం గోల చేస్తే, ప్రతిపక్ష నాయకుడి చుట్టాలు నలుగురికీ కుర్చీలు వేయించారు. నాలుగూ నాలుగూ. త్రాసు ముల్లు కదల్లేదు.

"సార్, ఇందులో పింఛనుదారు ఎవరు?" అని ఒక విలేకరి అడిగాడు.

మంత్రిగారు సెక్రటరీ వైపు చూశారు. సెక్రటరీ నా వైపు చూశారు. నేను కిందికి పరుగెత్తాను. కౌంటరు ముందు క్యూలో రిటైరైన నర్సమ్మ ఒకావిడ నిలబడి ఉంది. సంతకం కలవడం లేదని మూడేళ్లుగా ఆవిడ పింఛను ఆపేశారు.

"పైకి రండమ్మా, మిమ్మల్ని మెంబర్ని చేస్తున్నారు."

"నా లైను పోతుంది బాబూ."

"పైన కుర్చీ ఉందమ్మా."

వచ్చేసింది.

మొదటి సమావేశంలో మొదటి అంశం, ఫ్యాను వేయాలా వద్దా. నలుగురు వేయాలన్నారు, నలుగురు వద్దన్నారు. గంటన్నర చర్చ జరిగాక నర్సమ్మ లేచి స్విచ్ నొక్కింది. మండలి తొలి తీర్మానం! మంత్రిగారు ఫ్యానుతో సహా ఫోటో తీయించారు.

ఆ ఊపులో ఆవిడ, "ఆపేసిన పింఛన్లన్నీ నెలలోగా ఇచ్చెయ్యాలి" అంది. మంత్రిగారి వాళ్లు నలుగురూ వద్దన్నారు. వాళ్లు వద్దన్నారు కాబట్టి అవతలి నలుగురూ ఇవ్వాల్సిందే అన్నారు. నర్సమ్మ రెండు చేతులూ ఎత్తింది.

"ఒక చెయ్యి చాలమ్మా" అన్నారు సెక్రటరీ.

ఐదుకు నాలుగు. నెగ్గింది! అలవాటు కొద్దీ నేను చప్పట్లు కొట్టేశాను.

"ముప్ఫై ఏళ్లు సూదులేశాను బాబూ, ఒక్కరూ నవ్వలేదు. ఇవాళ చెయ్యెత్తితే చప్పట్లు!" అని ఆవిడ పొంగిపోయింది.

మంత్రిగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. సెక్రటరీ ఆయన చెవిలో, "సార్, ఐదుకు నాలుగంటే మండలి ఒరిగినట్టే కదా" అన్నారు.

మంత్రిగారికి ప్రాణం లేచొచ్చింది. "ఒరగనిస్తానా! ప్రజలకు మాటిచ్చాను. పదో మెంబర్ని వెయ్యండి. ఆయన ఓటు పడేదాకా తీర్మానం ఆపండి!"

మర్నాడు నర్సమ్మ నా టేబుల్ దగ్గరికొచ్చింది.

"ఆ పదో ఆయనెవరు బాబూ? వెళ్లి కాళ్లావేళ్లా పడతాను."

"ఆర్డరు నేనే టైపు చేశానమ్మా. పేరు చోట ఖాళీ వదలమన్నారు."

"మరి పదవి ఎన్నాళ్లు?"

"ఐదేళ్లమ్మా. నిన్ననే బాధ్యతలు స్వీకరించారు."