పేరు చూసి లోపలికి

“నా అనుమతి లేకుండా చీమైనా దూరలేని కంప్యూటర్ గది ఆంధ్రదేశం మొత్తంమీద ఇదొక్కటే!” అని 2004లో, బెజవాడ గవర్నరుపేటలో, హేమసుందర్ గారు ప్రకటించారు. ఆయన ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థకు యజమాని. దుమ్ములోంచే వైరస్ పుడుతుందని ఆయన గట్టి నమ్మకం. అందుకే మేడమీద గుమ్మం దగ్గర కోటి అనే కుర్రాణ్ణి కాపలా పెట్టి, వచ్చినవాళ్ళందరిచేతా చెప్పులు విడిపించేవారు.

ఆయన ఆరాటమంతా ఆన్‌లైన్ పరీక్షల కేంద్రం కోసం. హైదరాబాదు నుంచి డైరెక్టర్ గారు తనిఖీకి వస్తున్నారు. ఆయన మెచ్చకపోతే కేంద్రం ఎదురు సందులోవాళ్ళు తన్నుకుపోతారు!

ముందురోజు, పాఠాలు చెప్పే సిద్రా వచ్చింది.

“సార్, మన బ్రౌజర్‌లో లోపముందండి. వెబ్ చిరునామాలో ముందు పెద్ద పేరుంటే చాలు, వెనకేముందో చూడదు. పైన బ్యాంకు పేరు చూపిస్తూ లోపల దొంగ పేజీ తెరుస్తుంది. కంపెనీవాళ్ళు సవరణ ఇచ్చారు, వేసేద్దామండి.”

“మన గదిలో లోపమా! ఆ మాట మళ్ళీ వినపడకూడదమ్మా. ముందు నీ చెప్పులెక్కడ విడిచావో చెప్పు!”

సిద్రా మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. హేమసుందర్ గారు నిశ్చింతగా దండకు పురమాయించారు.

మర్నాడు మేడ కింద తెల్లకారు ఆగింది. దిగి పైకొచ్చినాయనకి సఫారీ సూటు, నిగనిగలాడే బూట్లు! విప్పమనడానికి కోటికి నోరెలా వస్తుంది? సెల్యూట్ కొట్టాడు. హేమసుందర్ గారు ఎదురెళ్ళి దండ వేసేశారు.

“అది కాదండీ...”

“మీ నిరాడంబరత మాకు తెలియనిదా సార్!”

“మా అమ్మాయి...”

“మీ అమ్మాయి మా అమ్మాయే సార్!” అంటూ బందరు లడ్డూ ఆయన నోట్లో కుక్కారు.

పాపం, ఆయన లడ్డూ మింగాక గానీ మాట పెగల్లేదు. “నా పేరు పెద్దబ్బాయండి. హనుమాన్ జంక్షన్ దగ్గర చేపల వ్యాపారమండి. అమ్మాయిని మీ దగ్గర చేర్పిద్దామని వచ్చానండి.”

హేమసుందర్ గారు గిరుక్కున కోటి వైపు తిరిగారు. “మరి డైరెక్టర్ గారేరిరా?”

“కారుకి ముందే ఆటోలో ఒకాయనొచ్చారండి,” అన్నాడు కోటి. “హైదరాబాదు డైరెక్టర్నంటారండి. చూస్తే రబ్బరు చెప్పులండి! నమ్ముతానా ఏంటండీ? కింద ఎండలో నిలబెట్టానండి.”

హేమసుందర్ గారు మెట్లమీంచి దొర్లినంత పని చేశారు. వెనకాలే సిద్రా కూడా దిగింది.

డైరెక్టర్ గారు చెమట తుడుచుకుంటూ, “నన్నాపారు, సంతోషం. బూట్లతో వెళ్ళినాయన్ని ఎవరని అడిగారా?” అన్నారు.

హేమసుందర్ గారు సిద్రా వైపు చూడకుండా చేతులు కట్టుకుని అందుకున్నారు.

“ఏం చెప్పమంటారు సార్! మా బ్రౌజర్‌లో లోపముందని నిన్నట్నుంచీ మొత్తుకుంటున్నాను, వినేవాళ్ళేరండీ!”