స్విచ్ మొదట చూసిన ముఖం

మంగళవారం ఉదయం ఏడింటికి నింగ్రుమ్ పెట్టుకున్న పని చిన్నదే. ఇండోనేసియాలోని మలాంగ్‌లో, ఆమె కంప్యూటర్లు చూసుకునే పాల సహకార సంఘంలో పదింటికి కొత్త కంప్యూటర్ వ్యవస్థ ప్రారంభం. అది సాఫీగా జరిగితే ఆమె కాంట్రాక్టు ఉద్యోగం పర్మనెంటవుతుంది. అందుకని యంత్రాలను నెట్‌వర్కుకు కలిపే వర్చువల్ స్విచ్‌కు గట్టి కట్టడి పెట్టింది. ఒక్కో పోర్టులో మొదట కనిపించిన ఒక్క యంత్రం చిరునామానే అది గుర్తుపెట్టుకోవాలి; తరువాత వచ్చినదాన్ని అడ్డుకుని డైరెక్టర్ ఫోనుకు హెచ్చరిక పంపాలి. ఎవరూ వేలు పెట్టకుండా ఆ సెట్టింగులకు డైరెక్టర్ పాస్‌వర్డ్‌తో తాళం వేయించింది.

అక్కడ రిహార్సల్ లేనిదే రిబ్బను కూడా కత్తిరించరు. తొమ్మిదింటికి సహోద్యోగి గాలిహ్, స్వాగతం తెరను నడిపే అసలు యంత్రాన్ని ముట్టుకోవడమెందుకని, అదే పోర్టులో వేరే చిరునామాతో దాని నకలును ఆన్ చేశాడు. డైరెక్టర్ స్థానంలో గేటు కాపలాదారు కస్మిన్‌ను నిలబెట్టి, అతని ఫొటోనే అందులో ఎక్కించాడు. ఎవరినీ కార్డు కూడా అడగని మెతక మనిషి కస్మిన్. రిహార్సల్ దివ్యంగా జరిగింది. నకలును ఆపి అసలుదాన్ని పెడితే తెర నల్లబడింది.

"మళ్ళీ ఆన్ చేస్తానక్కా."

"వద్దురా! స్విచ్ దాన్ని దొంగనుకుంటోంది."

అప్పటికే మూడుసార్లు చేశాడు. హాల్లో ప్రార్థన మధ్య డైరెక్టర్ హెర్యాతి చేతిసంచి మూడుసార్లు బుర్రుమంది.

"పోనీ, తాళం తీయించు."

"ప్రార్థనలో ఉన్న ఆవిణ్ణి పాస్‌వర్డ్ అడగనా? నా ఉద్యోగం తినేశావు పో. ఆ నకలే పెట్టు, తెర వెలిగితే చాలు."

హెర్యాతి మీట నొక్కారు. తెర వెలిగింది. 'మన గౌరవ డైరెక్టర్‌కు స్వాగతం' అన్న అక్షరాల కింద కస్మిన్ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

జకార్తా నుంచి వచ్చిన తనిఖీ అధికారి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఏంటమ్మా ఇది?"

నింగ్రుమ్ దాచలేదు. "స్విచ్ మొదట రిహార్సల్ యంత్రాన్ని చూసిందండీ. అసలుది మూడుసార్లొచ్చినా రానివ్వలేదు."

హెర్యాతి ఫోను తీసి చూశారు. మూడు హెచ్చరికలూ ఉన్నాయి.

"అసలుదాన్నే ఆపిందా? ఇంత మొండి కాపలా నేనెక్కడా చూళ్ళేదు," అని అధికారి తనిఖీ కాగితంలో 'భద్రత' పక్కన టిక్కు పెట్టాడు.

"అయితే అమ్మాయి పర్మనెంటే," అన్నారు హెర్యాతి. "ఇంతకీ నా సంఘంలోకి నేనెప్పుడు రావచ్చో చెప్పండి."

ఆవిడే వేడుకకు చేసిన తుంపెంగ్ అనే పసుపన్నం గోపురం కోసి, అందరికన్నా గౌరవనీయులకిచ్చే ఆ కొనను, తెరకేసి ఒకసారి చూసి, కస్మిన్ పళ్ళెంలో పెట్టారు.

మర్నాడు ఉదయం గేటు దగ్గర కస్మిన్ ఆవిణ్ణి కార్డు చూపించమన్నాడు.