కల్ కా నక్షా

ముజమ్మిల్ ఆ రోజు పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, కాస్త అత్తరు కూడా రాసుకొని జనగామ చెరువుల ఆఫీసుకు బయలుదేరాడు. హైదరాబాదు నుంచి ప్రేమలత మేడం తనిఖీకి వస్తోంది. ఆమె మెచ్చితే నక్షాల గది నిలుస్తుంది. మెచ్చకపోతే నెలాఖరుకు గదికి తాళం, ముజమ్మిల్ కాంట్రాక్టుకు సలాం. తెలంగాణ కోసం రోజూ ఏదో ఒక ఊళ్లో బంద్, ఏదో ఒక రోడ్డు మీద వంటావార్పు జరుగుతున్న రోజులవి. ఆ పూట ఏ బందూ లేకపోవడమే శుభశకునమనుకున్నాడు.

ఆయన చేసిన పని నిజంగా ముచ్చటైనదే. పాత సర్వే షీట్ల నుంచి నిన్నటి ఉపగ్రహ చిత్రం దాకా నక్షాలన్నీ చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కోదానికి తేదీ తగిలించి డేటాబేసులో దాచి, ఎవరైనా చూసేలా ఆఫీసు వెబ్‌సైటుకు కలిపాడు. తేదీ కొడితే చాలు, ఆనాటి నక్షా తెర మీద పడుతుంది. ఒకే ఒక్క లొసుగు. అడిగిన తేదీకి నక్షా లేకపోతే ‘లేదు’ అనడం దానికి చేతకాదు; వరుసలో మొట్టమొదటిది తీసి చూపిస్తుంది. పైన మాత్రం మనం అడిగిన తేదీనే పెద్ద అక్షరాలతో రాస్తుంది. సరిచేద్దాం, సరిచేద్దాం అనుకుంటూనే ఆర్నెల్లు గడిపాడు మహానుభావుడు.

గది తలుపు తీశాడో లేదో, సూపరింటెండెంట్ మజీద్ సాబ్ ఫోన్ చేశాడు. "ముజమ్మిల్, కల్ కా నక్షా లగాకే రఖో!" అన్నాడు, లైను తెగింది.

తంటా అంతా ఇక్కడే వచ్చింది. ఉర్దూలో నిన్న కూడా కల్లే, రేపు కూడా కల్లే. ముజమ్మిల్ తల గోక్కున్నాడు. మేడం రాక రేపటికి వాయిదా పడిందన్నమాట, అందుకే రేపటి తేదీ పెట్టి ఉంచమంటున్నాడు! గండం ఒక రోజు జరిగినందుకు ప్రాణం లేచొచ్చింది. రేపటి తేదీ కొట్టి, సైటు తెరిచిన వాళ్లందరికీ అదే కనిపించేలా మీట నొక్కాడు. నెట్టు నత్తలా నడుస్తోంది. ప్రొజెక్టరు నుంచి గోడ మీద బొమ్మ పడేలోపు గడ్డం గీయించుకొని వద్దామని బయటపడ్డాడు.

బొమ్మ పడింది. గది ఊడవడానికి వచ్చిన అటెండర్ పాపయ్య చీపురు పట్టుకొని కొయ్యబారిపోయాడు. గోడ నిండా నక్షా. పైన రేపటి తారీఖు. నక్షాకు అడ్డంగా వేలు మందాన ఎర్రగీత. గీతకు అవతల ఉన్న ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కొని చదివాడు: ఆంధ్ర స్టేట్. ఇవతల మన ఊళ్లన్నీ ఉన్నాయి.

"ఓరి నాయినో! రేపే ఇస్తున్నరు! గవర్నమెంటు కంప్యూటర్లనే ఎక్కిచ్చిండ్రు!"

చీపురు విసిరేసి రేగొండలోని బావమరిదికి ఫోన్ కొట్టాడు. బావమరిది భూపాలపల్లి గనుల్లో చెప్పాడు. గనుల నుంచి కబురు మహబూబాబాద్‌కు పోయింది. అక్కడి ఇంటర్నెట్ సెంటర్లలో సైటు తెరిచి చూసి, నిజమేనని అచ్చు తీసి గోడలకు అంటించారు. ఊరు దాటినకొద్దీ కబురు బలిసింది. తిరిగి జనగామ చేరేసరికి కొత్త రాష్ట్రానికి జనగామే రాజధాని అయి కూర్చుంది! తరిగొప్పుల నుంచి ట్రాక్టర్లు, జఫర్‌గఢ్ నుంచి డప్పులు కదిలాయి.

మంగలి కొట్టులో వంతు కోసం చాలాసేపు కూర్చున్న ముజమ్మిల్‌కు అప్పటికి ఒక చెంప గీయడం అయింది. రెండో చెంపకు నురుగు పూస్తుండగా "తెలంగాణ వచ్చింది!" అని వీధిలో కేక. క్షవరం చేస్తున్న రాజలింగు కత్తి అక్కడే పెట్టి రోడ్డు మీదికి ఉరికాడు. ముజమ్మిల్ ఆగుతాడా? నురుగు మొహంతోనే డప్పుల మధ్యకు దూకి, అత్తరు చొక్కా చెమటకు తడిసిపోయేలా ఎగిరాడు. ఆనందంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. చాయ్ కొట్టు మార్తమ్మ వచ్చినవాడికల్లా ఊరికే చాయ్ పోస్తోంది.

"ఎవరు చెప్పిండ్రవ్వా? ఢిల్లీలనా?" అని ఆమెను అడిగాడు ముజమ్మిల్.

"ఢిల్లీ ఏంది కొడుకా! మీ ఆఫీసు కంప్యూటరే చెప్పింది. రేపటి తారీఖు, ఎర్రగీత... పాపయ్య కండ్లార చూసిండట!"

ముజమ్మిల్ కాళ్లు ఆగిపోయాయి. ఎర్రగీత! అది పంతొమ్మిది వందల యాభై ఐదు నాటి సర్వే షీటు, ఆంధ్ర, హైదరాబాద్ వేర్వేరు రాష్ట్రాలుగా ఉన్నప్పటిది. వరుసలో మొట్టమొదటిది.

సరిగ్గా అప్పుడే ఊరేగింపులో ఒక జీపు ఇరుక్కుంది. జనం అందులోని మేడం మెడలో దండ వేశారు, పక్కనున్న మజీద్ సాబ్ గడ్డానికి గులాల్ పూశారు. ముజమ్మిల్‌ను చూడగానే సాబ్ గర్జించాడు.

"ఏంది గీ లొల్లి? కల్ కా నక్షా పెట్టమంటి గద!"

"పెట్టిన సాబ్. రేపటిది."

"రేపటిది ఏడికెళ్లి వస్తదిరా! నిన్నటిది! మొన్నటి వానకు నిండిన చెరువులు మేడంకు చూపియ్యాలె!"

ముజమ్మిల్ పారిపోదామనుకున్నాడు. కానీ ఇంతమంది సంబరాన్ని అబద్ధం మీద నిలబెట్టడానికి మనసొప్పలేదు. ట్రాక్టరెక్కి డప్పులు ఆపించాడు.

"అన్నలారా, అక్కలారా! తప్పు నాది. అది రేపటి నక్షా కాదు. యాభై ఐదు నాటి నక్షా. తారీఖు తప్పు పడ్డది."

పాపయ్య తల దించుకున్నాడు. ఎవరో రాయి వెతుకుతున్నట్టే అనిపించింది. మార్తమ్మ చాయ్ గిన్నె కింద పెట్టి ముందుకొచ్చింది.

"అంటే బిడ్డా, ఎనకట గా గీత ఉండెనా?"

"ఉండె అవ్వా."

"గవర్నమెంటు కాయిదం మీదనే ఉండెనా?"

"ఉండె."

"మరింకేంది! లేనిదాన్ని అడుగుతున్నమా? ఉన్నదాన్నే గద మల్ల ఇయ్యుమంటున్నం! కొట్టుండ్రి డప్పు!"

ఈసారి మోగిన మోత ముందు మొదటిది ఎందుకూ చాలలేదు. ముజమ్మిల్ ట్రాక్టర్ మీదే మళ్లీ ఎగిరాడు.

గంట తర్వాత ఆఫీసులో మేడం దండ తీయకుండానే అడిగింది. "పోయిన నెల ఈ నక్షాలు ఎంతమంది చూశారు?"

"ముగ్గురు మేడం," అన్నాడు ముజమ్మిల్. ఆ ముగ్గురిలో ఇద్దరూ తానేనని చెప్పలేదు.

"ఇవాళ?"

"సర్వర్ పడిపోయేదాకా పదకొండు వేల మంది."

మేడం ఫైలులో ఏదో రాసుకుంది. "ఇంతమంది తెరిచే గదిని నేనెలా మూస్తానయ్యా? ఇంకో ఏడాది పొడిగిస్తున్నాను. ముందు ఆ తేదీల సంగతి చూడు. మిగిలిన చెంప కూడా గీయించుకో."

ముజమ్మిల్ మేడంను జీపెక్కించి వస్తున్న మజీద్ సాబ్‌కు వరండాలో అడ్డం పడ్డాడు.

"సాబ్, మరి నా ఆర్డర్ ఎప్పుడొస్తది?"

"కల్," అని సాబ్ చరచరా వెళ్లిపోయాడు.

"జర తారీఖు చెప్పుండ్రి సాబ్!" అంటూ ముజమ్మిల్ వెంటపడ్డాడు.