మార్కులు ఎత్తేసిన మాస్టారు, మధ్యాహ్నం రైలు

మనవరాలు పుట్టి నెల దాటినా మాస్టారింకా మొహం చూడలేదు. ఇవాళ మధ్యాహ్నం రైలుకి వెళ్ళి తీరాలని పొద్దున్నే మొగుడూ పెళ్ళాం అనుకున్నారు.

"ఇద్దరే పిల్లలు మిగిలారోయ్. అరగంటలో వచ్చేస్తా."

"మీ అరగంట సంగతి నాకు తెలీదూ!" అంది ఆవిడ, సూట్‌కేసు మూస్తూ.

ఇంజనీరింగు కాలేజీలో ఫిజిక్సు చెప్పే మాస్టారు ఆ ఏడు మార్కులు ఎత్తేశారు. పిల్లలకి ఓ అంశం వస్తే 'వచ్చింది' అని రాస్తారు. రాకపోతే నేర్చుకుని మళ్ళీ వచ్చి చెప్పాలి, ఎన్నిసార్లయినా సరే. అందుకు ఆ రోజే ఆఖరు.

తీరా వెళితే గది ముందు క్లాసు ఫస్టు అమ్మాయి నిలబడి ఉంది.

"నీకన్నీ వచ్చేశాయిగా తల్లీ?"

"అందరికీ 'వచ్చింది' అనే రాశారు సార్. నాకు కాస్త ఎక్కువ వచ్చినట్టు రాయరూ? కావాలంటే అన్నీ మళ్ళీ చెప్తాను."

ఆ అమ్మాయే మళ్ళీ చెబుతోందంటే ఇందులో ఏదో మతలబు ఉందనుకుని, అన్నీ వచ్చినవాళ్ళు కూడా పరుగున వచ్చారు. వరండా కిటకిటలాడింది. వాచ్‌మన్ అది ధర్నా అనుకుని గేటుకి తాళం వేశాడు. ఎంత చూసినా మొగుడు రాకపోయేసరికి సూట్‌కేసుతో వచ్చిన ఆవిడని గేటు దగ్గరే ఆపేశాడు.

"ఏ పిల్లాడి తాలూకమ్మా?"

"లోపల కుర్చీలో కూర్చున్నాడే, ఆ పెద్ద పిల్లాడి తాలూకు!"

తాళం తీయించుకుని, దులిపేద్దామనే లోపలికి వెళ్ళింది. అందరూ అయిపోయి ఒక్క కుర్రాడు మిగిలాడు. గుండ్రంగా తిరిగే వస్తువుల సూత్రం రాశాడు గానీ అర్థం చెప్పలేక చెమటలు కక్కుతున్నాడు.

"మీరు రైలుకి వెళ్ళండి సార్. నాకిది ఎప్పటికీ రాదు," అన్నాడు ఆవిడ చేతిలో సూట్‌కేసు చూసి, తల దించుకుని.

ఆవిడ మనసు కరిగిపోయింది. "రాదని ఎవరన్నారు? నోటితో కాకపోతే చేసి చూపించు నాయనా. ఏవండీ, ఆ రైలు పోతే పోనీండి, ముందు వీడి సంగతి చూడండి!"

కుర్రాడు మాస్టారిని గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, చాచిన చేతుల్లో లావుపాటి పుస్తకాలు పెట్టి, ఒక్క తోపు తోశాడు.

"ఇప్పుడు చేతులు ముడవండి సార్!"

మాస్టారు ముడిచారు. కుర్చీ ఇంకా జోరుగా గిర్రున తిరిగింది.

"చూశారా అమ్మా! బరువు మధ్యకొచ్చింది, వేగం పెరిగింది! ఒకటి తగ్గితే ఒకటి పెరుగుతుంది, రెండూ కలిపి లెక్కేస్తే మొత్తం మారదు!"

"వచ్చింది!" అని తిరుగుతూనే అరిచారు మాస్టారు. ఆవిడ చప్పట్లు కొట్టింది. స్టేషన్లో రైలు కూత వేసింది.

బస్సులు మారి, ఒళ్ళు హూనమై, మర్నాడు కూతురింటికి చేరారు. మనవరాలిని ఒళ్ళోకి తీసుకోగానే మాస్టారికి కళ్ళనీళ్ళు ఆగలేదు. "రైలు తప్పిపోయిందమ్మా, ఏమీ అనుకోకు," అన్నారు.

మనవరాలు ఏమీ అనుకోలేదు; నిద్రపోతోంది.